అమ్మితే వచ్చిన డబ్బు మాది: చెన్నై గ్యాలరీలకు బహిరంగ లేఖ

చెన్నైలో చేతితో చేసిన మట్టి పాత్రలను కన్సైన్‌మెంట్ మీద (అంటే కొనకుండా, అమ్ముడయ్యాకే మాకు డబ్బిచ్చే పద్ధతిలో) తీసుకుని అమ్మే గ్యాలరీల, క్రాఫ్ట్ షాపుల నిర్వాహకులకు,

నమస్కారం.

నేను చెన్నైలోనే పుట్టి పెరిగిన తెలుగుదాన్ని. మాధవరం వైపు చిన్న స్టూడియో నడుపుతూ స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో గట్టిగా కాల్చిన మట్టి) పాత్రలు చేస్తాను. మగ్గులు, బౌల్స్, వడ్డన పళ్లేలు, టీపాట్లు, పూలకుండీలు. వాటిలో ఎక్కువ భాగం మీ అరల మీద నుంచే జనం ఇళ్లకు వెళ్తాయి. ఆళ్వార్‌పేట, నుంగంబాక్కం, అడయార్, ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) పొడవునా ఉన్న మీలో కొందరితో నాకు ఏళ్ల పరిచయం. మీలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. నెల్లూరు, చిత్తూరు, విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ మట్టిపని నేర్చుకుంటున్న పిల్లలు కూడా ఇప్పుడు కనిపిస్తున్నారు. మీరూ చదవాలి, మొదటి పెట్టె సర్దుకుని మీ గుమ్మం ఎక్కబోయే ఆ పిల్లలూ చదవాలి. అందుకే తెలుగులో రాస్తున్నాను.

చెప్పదలచుకున్నది ఒక్కటే. మేం మీ దగ్గర ఉంచిన పాత్ర అమ్ముడయ్యేదాకా మాది. అమ్ముడైన రోజున మీ కమిషన్ పోగా మిగిలిన డబ్బు కూడా మాదే. అది కాసేపు మీ గల్లాపెట్టెలో ఉంటుంది, అంతవరకే. మీ షాపు అద్దెకో, స్టాఫ్ జీతాలకో, కొత్త లైట్లకో వాడుకునే డబ్బు కాదది. ఈ మాట ఎవరూ కాదనరు. అయినా ఊళ్లో చాలాచోట్ల రోజువారీ లెక్కలు ఈ మాటకు విరుద్ధంగానే నడుస్తున్నాయి.

కమిషన్ తగ్గించమని నేను అడగడం లేదు. 40 శాతం అని ముందే చెప్పి తీసుకుంటే 40, 50 అంటే 50. అందులో మీ అద్దె ఉంది, ఏసీ ఉంది, రోజంతా నిలబడి కస్టమర్‌కు గ్లేజ్ (పాత్ర మీది గాజులాంటి పూత) అంటే ఏమిటో ఓపికగా చెప్పే అమ్మాయి జీతం ఉంది. ఎప్పుడూ మట్టి కప్పులో కాఫీ తాగని మనిషిని 900 రూపాయల మగ్ దగ్గరికి తీసుకెళ్లి, దాన్ని చేతిలో పెట్టి, బరువు చూడమని చెప్పి కొనిపించడం పెద్ద పని. స్టూడియోలో కూర్చున్న మాకు అది చేతకాదు, చేయడానికి టైమూ ఉండదు. మీరు లేకపోతే మాలో సగంమంది ఈ పనిలో ఉండేవాళ్లం కాదు. అందుకే మీతో తెగదెంపులు చేసుకోవాలని కాకుండా, ఈ సంబంధం నిలవాలని రాస్తున్నాను.

ఈ ఊళ్లో మట్టికి పాత చరిత్రే ఉంది. పురసవాక్కం దగ్గర కొసపేటలో తరతరాలుగా మట్టిపని చేసే కుటుంబాలున్నాయి. 1850లో మొదలైన ఆర్ట్స్ స్కూలు నేడు ఎగ్మూరులో ప్రభుత్వ లలితకళల కళాశాలగా నడుస్తోంది, అక్కడ సిరామిక్స్ విభాగం ఉంది. మాలాంటి స్టూడియో వాళ్లలో చాలామంది పని వెనక పాండిచ్చేరి ప్రభావం కనిపిస్తుంది. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అక్కడ మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ నుంచి స్టోన్‌వేర్ పని దక్షిణాదిలో ఎంతమందికి చేరిందో మీకు తెలియనిది కాదు. ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్ర మ్యూజియానికి వెళ్లిన పిల్లలు చక్రం మీద చెయ్యి పెట్టకుండా తిరిగి రారు. కొనేవాళ్లు పెరిగారు, చేసేవాళ్లూ పెరిగారు. వీళ్లిద్దరి మధ్య డబ్బు నడిచే దారి మాత్రం ఇంకా నోటిమాట మీదే ఉంది.

ఆ డబ్బు ప్రయాణం ఎలా ఉంటుందో మా వైపు నుంచి చెబుతాను. మా అమ్మకాలకు పెద్ద సీజన్ డిసెంబర్, జనవరి. మార్గళి (ధనుర్మాసం) కచేరీలకు ఊరంతా జనం, విదేశాల నుంచి వచ్చిన పిల్లలు, కొత్త సంవత్సరం గిఫ్టులు, ఆపైన పొంగల్. కానీ ఆ పాత్రలు డిసెంబర్‌లో చేయడం కుదరదు. అక్టోబర్ నుంచి ఈశాన్య రుతుపవనం మొదలైతే ఇక్కడ మట్టి ఆరదు. తడి పూర్తిగా పోకుండా కిల్న్ (బట్టీ)లో పెడితే లోపలి నీరు ఆవిరై పాత్ర పేలిపోతుంది. కాబట్టి సీజన్ సరుకులో ఎక్కువ భాగం జూలై, ఆగస్టు, సెప్టెంబర్‌లలోనే చక్రం మీద తీయాలి. తీసి, ఆరబెట్టి, దాదాపు వెయ్యి డిగ్రీల దగ్గర ఒకసారి గ్లేజ్ లేకుండా కాల్చి (దీన్నే బిస్క్ అంటాం), ఆపైన గ్లేజ్ వేసి, మళ్లీ 1,200 నుంచి 1,300 డిగ్రీల మధ్య రెండోసారి కాలుస్తాం. ఈలోపు పాత్ర పదో వంతుకు పైగా కుంచించుకుపోతుంది. కొన్ని వంకరపోతాయి, కొన్ని బీటలు వారతాయి, కొన్నింటికి గ్లేజ్ కారి కింది షెల్ఫ్‌కు అతుక్కుంటుంది. మిగిలినవే మీ దగ్గరికి వస్తాయి.

మట్టికి డబ్బు ముందే ఇవ్వాలి. గ్లేజ్ పొడులకు ముందే ఇవ్వాలి. గ్యాస్ సిలిండర్ దింపినప్పుడే డబ్బు. నాతో పనిచేసే ఆవిడకు శనివారం శనివారం జీతం. ఇవన్నీ ఆగస్టులోనే మా చేతిలోంచి పోతాయి. పాత్ర నవంబర్‌లో మీ షాపు చేరుతుంది, డిసెంబర్‌లో అమ్ముడవుతుంది. కస్టమర్ అక్కడే ఫోన్ తీసి యూపీఐలో మొత్తం కట్టేసి వెళ్తాడు. ఆ నిమిషం నుంచి డబ్బు మీ ఖాతాలో ఉంది. మాకు వచ్చేది ఎప్పుడు? కొన్నిచోట్ల జనవరిలో వస్తుంది, ఆ గ్యాలరీలకు దండం పెడతాను. కొన్నిచోట్ల మార్చి దాటుతుంది. ఫోన్ చేస్తే ఆడిటర్ చూడాలంటారు, మేడమ్ ఊళ్లో లేరంటారు, సీజన్ లెక్కలన్నీ ఒకేసారి క్లోజ్ చేస్తామంటారు. ఒక గ్యాలరీ నాకివ్వాల్సిన డిసెంబర్ డబ్బు మళ్లీ ఆగస్టు వచ్చేదాకా ఇవ్వలేదు. అప్పటికి వచ్చే సీజన్ పాత్రలు చేయడానికి నేను అప్పు చేయాల్సి వచ్చింది. అంటే నా డబ్బుతో ఆ షాపు నడిచింది, వడ్డీ నేను కట్టాను.

ఇందులో దురుద్దేశం ప్రతిసారీ ఉంటుందని నేననను. షాపు నడపడం కష్టం. వర్షాలు పడితే జనం రారు, అద్దె మాత్రం ఒకటో తారీఖుకు కట్టాలి. ఖాతాలో డబ్బు కనిపిస్తుంటే అవసరానికి వాడేయడం మనిషి సహజం. అందుకే ఆ డబ్బు అసలు కనిపించకుండా చేయమంటున్నాను. మా వాటాకు వేరే బ్యాంకు ఖాతా తెరవండి. ప్రతి సోమవారం గడిచిన వారం అమ్మకాల్లో మీ కమిషన్ ఉంచుకుని మిగిలింది అందులోకి మార్చేయండి. నెల మొదటి వారంలో స్టేట్‌మెంట్‌తో పాటు అందులోంచి మాకు పంపండి. దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఒక ఎక్సెల్ షీట్ చాలు.

చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో ఏజెంట్ల గురించిన సెక్షన్లు చూడండి. యజమాని అడిగినప్పుడు ఏజెంటు సరైన లెక్కలు చూపాలని 213వ సెక్షన్. యజమాని తరఫున అందుకున్న డబ్బులోంచి తన ఖర్చులు, తన ప్రతిఫలం మినహాయించుకోవచ్చని 217. ఆ మినహాయింపు పోగా అందుకున్నదంతా యజమానికి చెల్లించాలని 218. కన్సైన్‌మెంట్ మీద మీరు చేసేది మా తరఫున అమ్మడమే కనుక ఇక్కడ యజమాని కుమ్మరి, ఏజెంటు గ్యాలరీ. దాదాపు నూట యాభై ఏళ్ల కిందటే రాసిపెట్టిన విషయం ఇది.

చిన్న పరిశ్రమల చట్టం ఉంది కదా అని కొందరు మిత్రులు అంటారు. నిజమే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు కొన్నవాళ్లు రాతపూర్వక ఒప్పందంలో ఎంత గడువు ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఆ చట్టం కింద చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ప్రతి స్టూడియో చేసుకోవాలి. కానీ ఆ చట్టం మాట్లాడేది కొన్నవాళ్ల గురించి. కన్సైన్‌మెంట్‌లో గ్యాలరీ కొనలేదు, అమ్మిపెట్టింది అంతే అని గ్యాలరీ తరఫు లాయర్ వాదించడానికి సందు ఉంటుంది. అంటే స్టాక్ తిరిగిచ్చేయాల్సి వచ్చినప్పుడు మీరు ఏజెంటు, డబ్బు కట్టాల్సి వచ్చినప్పుడు మళ్లీ మీరు ఏజెంటే. మాకు రెండు వైపులా రక్షణ తక్కువ. రాతలో గడువు పెట్టుకోవడం ఒక్కటే దీనికి దారి.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 1966లోనే దీనికి ప్రత్యేకంగా చట్టం చేసింది. కళాకారుడు అమ్మకానికి ఇచ్చిన వస్తువు డీలర్ చేతిలో ట్రస్టు ఆస్తి, అమ్మితే వచ్చిన డబ్బులో కళాకారుడి వాటా కూడా ట్రస్టు సొమ్మే అని అందులో ఉంది. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అది వచ్చేదాకా ఆగక్కర్లేదు. మీరు, మేము సంతకం పెట్టిన ఒక కాగితంలో అదే మాట రాసుకోవచ్చు.

కాగితం ఎంత ముఖ్యమో నాకు తెలిసిన ఒక సంఘటన చెబుతాను. ఒక గ్యాలరీ అద్దె బకాయి పడింది. బిల్డింగ్ యజమాని తాళం వేశాడు. లోపల చాలామంది పాత్రలు, పెయింటింగులు, చీరలు. గ్యాలరీ ఆవిడ ఫోన్ తీయడం మానేసింది. మేం వెళ్లి అడిగితే, లోపల ఉన్నదంతా షాపు సరుకే, బకాయి తీరాక చూద్దాం అన్నాడాయన. మాలో కొందరి దగ్గర గ్యాలరీ సీలు, సంతకం ఉన్న డెలివరీ చలాన్ ఉంది. ఈ వస్తువులు కన్సైన్‌మెంట్ మీద ఇచ్చినవి, అమ్ముడయ్యేదాకా తయారీదారువే అని అందులో స్పష్టంగా రాసి ఉంది. వాళ్ల సరుకు ముందు బయటికి వచ్చింది. ఫోన్‌లో ఫొటోలు మాత్రమే ఉన్నవాళ్లు నెలల తరబడి తిరిగారు.

దీని పక్కనే ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మీలో కొందరికి బ్యాంకులో క్యాష్ క్రెడిట్ (అవసరానికి తీసి వాడుకునే అప్పు) ఉంటుంది. దానికి స్టాక్ తాకట్టు. నెలనెలా బ్యాంకుకు స్టాక్ స్టేట్‌మెంట్ పంపుతారు. అందులో మా పాత్రలు కలపకండి. మీవి కాని వస్తువులు చూపించి మీరు అప్పు తీసుకుంటే, రేపు బ్యాంకు వచ్చి నిలబడితే మేం ఏ మొహంతో మా సరుకు అడగాలి? కన్సైన్‌మెంట్ స్టాక్‌కు వేరే రిజిస్టర్, వేరే ట్యాగ్ రంగు పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక పగిలేవాటి సంగతి. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. మట్టి పాత్ర పగలడం తప్పు కాదు, దాని స్వభావం. పగిలినప్పుడు ఎవరు భరించాలన్నదే తేల్చుకోవాలి. మీ అర మీద ఉండగా కస్టమర్ మోచెయ్యి తగిలినా, మీ స్టాఫ్ తుడుస్తూ జారవిడిచినా, మీ పిల్లి దూకినా అది మీ సంరక్షణలో జరిగింది. మా వాటా ఎంతో అంత మాకు ఇవ్వాలి, మీ కమిషన్ మీరు వదులుకోవాలి. ఇది చాలా గ్యాలరీలు ఒప్పుకుంటాయి. అయితే ఒప్పుకోవడం ఒకటి, చెప్పడం ఒకటి. ఎక్కువసార్లు మాకు తెలిసేది ఏడాది చివర స్టాక్ లెక్క తేలనప్పుడే. పగిలిన రోజే ఫొటో తీసి పంపండి, ముక్కలు పారేయకండి. ముక్క చూస్తే లోపల మట్టి సరిగా కాలిందా, పాత బీట ఉందా అన్నది మాకు తెలుస్తుంది. తప్పు మాదైతే మేమే ఒప్పుకుంటాం.

పగలకుండానే పాడయ్యేవి ఎక్కువ. బౌల్స్ ఒకదానిలో ఒకటి కాగితం పెట్టకుండా పేరుస్తారు. గ్లేజ్ లేని అడుగు అంచు కింది బౌల్ గ్లేజ్‌ను గీరేస్తుంది. గ్లేజ్ వేయని మట్టి మీద ధర స్టిక్కర్ అంటిస్తే ఆ జిగురు పోదు, దానిమీద దుమ్ము పట్టి నల్లటి చతురస్రం మిగులుతుంది. షాపు ఓపెనింగ్ రోజున మా కుండీల్లో నీళ్లు పోసి పూలు పెడతారు, చూడటానికి బాగుంటుంది, వారం తర్వాత అడుగున తెల్లటి ఉప్పు గీత వస్తుంది. టీపాట్ మూతలు ఒకదానివి ఒకదానికి మారిపోతాయి. ఆరు నెలల తర్వాత ఇవన్నీ పెట్టెలో వెనక్కి వస్తాయి, అమ్ముడవలేదు అనే చీటీతో. వాటిని నేను మళ్లీ అమ్మలేను. కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ఏమంటుందంటే, తన సొంత వస్తువును సాధారణ వివేకం ఉన్న మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అప్పగించిన వస్తువును అంత జాగ్రత్తగా చూసుకోవాలి. మీ స్టాఫ్‌కు ఒక పూట ట్రైనింగ్ ఇస్తామంటే మాలో ఎవరైనా వస్తారు, డబ్బు అడగం.

వరదల విషయం వేరేగా చెప్పాలి, ఎందుకంటే ఇది చెన్నై. 2015 డిసెంబర్‌లో ఏం జరిగిందో, 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫానుకు ఏం జరిగిందో మనందరికీ తెలుసు. సరిగ్గా మా సరుకు మీ దగ్గర నిండుగా ఉండే నెల అది. గ్రౌండ్ ఫ్లోర్ షాపులు, బేస్‌మెంట్ గోడౌన్లు. మట్టి పాత్ర నీళ్లలో మునిగితే పాడవదు కదా అనుకుంటారు. అర కూలిపోతే? మురుగు నీరు గ్లేజ్ లేని మట్టిలోకి ఇంకితే? చట్టం 152వ సెక్షన్ ప్రకారం, మీరు తగిన జాగ్రత్త తీసుకుని ఉంటే, వేరే ఒప్పందం లేకపోతే, ఆ నష్టం మీ మీద పడదు. మొత్తం మా మీదే పడుతుంది. అది అన్యాయమని అనను. కానీ ఇన్సూరెన్స్ అనేది ఉంది. మీకు ఫైర్ పాలసీ ఉంటే తీసి చదవండి. చాలా పాలసీల్లో తుఫాను, వరద నష్టాలు కవర్ అవుతాయి. కానీ కొన్ని పాలసీల్లో, ట్రస్టుగా గానీ కమిషన్ మీద గానీ ఉంచుకున్న సరుకు ప్రత్యేకంగా రాయిస్తే తప్ప కవర్ కాదని కూడా ఉంటుంది. అంటే మీరు ఏటా ప్రీమియం కడుతున్నా మా పాత్రలు అందులో లేకపోవచ్చు. మీ ఏజెంటుకు ఫోన్ చేసి కన్సైన్‌మెంట్ స్టాక్‌ను పాలసీలో చేర్పించండి. అదనపు ప్రీమియంలో మా వంతు మేం కడతాం.

డిస్కౌంట్ల గురించి లెక్క చెబితే తేలికగా అర్థమవుతుంది. 1,200 రూపాయల బౌల్, 40 శాతం కమిషన్. మామూలుగా మీకు 480, నాకు 720. మీరు ఆడి నెలలో (తమిళుల ఆషాఢం) 20 శాతం సేల్ పెట్టారు, బౌల్ 960కి పోయింది. మీ కమిషన్ పాత ధర మీదే పట్టుకుంటే నాకు మిగిలేది 480. అమ్మిన ధర మీద పట్టుకుంటే 576. సేల్ పెట్టాలన్నది మీ నిర్ణయం కనుక మీరే భరిస్తే నాకు 720, మీకు 240. ఒకే బౌల్, ఒకే కస్టమర్, మూడు రకాల జవాబులు. ఏది సరైనదో ముందే మాట్లాడుకోకపోతే ప్రతి ఆడి సేల్ తర్వాతా మనస్పర్థలే. నన్నడిగితే, 10 శాతం వరకు మీరు మాతో అడగకుండా ఇవ్వచ్చు, అది ఇద్దరం సమానంగా పంచుకుందాం. అంతకు మించితే మాకు ఫోన్ చేయండి. పాత కస్టమర్‌కో ఆర్కిటెక్ట్‌కో మీరు ఇచ్చే ప్రత్యేక తగ్గింపు మాత్రం మీ కమిషన్‌లోంచే పోవాలి.

పన్ను కూడా ఇందులో కలుస్తుంది. సిరామిక్ పాత్రలకు 12 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు ట్యాగ్ మీద కనిపించాలి. కమిషన్ లెక్క పన్నుకు ముందు ధర మీద వేయాలి, పన్నుతో కలిపిన ధర మీద కాదు. పాత్ర ఒక్కదానికి తేడా కొద్ది రూపాయలే, ఏడాది మొత్తానికి అది నాకు ఒక లోడ్ గ్యాస్.

పేరు గురించి చిన్న మాట. ప్రతి పాత్ర అడుగున మా ముద్ర ఉంటుంది. కస్టమర్ ఇది ఎవరు చేశారని అడిగితే పేరు చెప్పండి. చెబితే నేరుగా స్టూడియోకు వెళ్లిపోతారని మీ భయం, అది నాకు అర్థమవుతుంది. దానికి మా వైపు నుంచి హామీ ఉండాలి, కిందే రాస్తున్నాను.

ఎందుకంటే మేం కూడా చేయాల్సినవి ఉన్నాయి, అవి రాయకుండా ఈ లేఖ సగమే అవుతుంది. మీ షాపులో 1,200 ఉన్న బౌల్‌ను స్టూడియోలో 800కు అమ్మకూడదు. ఎక్కడ కొన్నా ఒకటే ధర ఉండాలి. అలా చేయని కుమ్మరిని మీరు వదిలేసినా తప్పు లేదు. మీ షాపులో మమ్మల్ని చూసి నేరుగా వచ్చిన కస్టమర్ పెద్ద ఆర్డర్ ఇస్తే మీకు చెప్పి, ముందే అనుకున్న వాటా ఇవ్వాలి. తినే పాత్రలకు సీసం లేని గ్లేజులే వాడాలి, ఏ గ్లేజ్ వాడామో అడిగితే చెప్పగలగాలి. నీళ్లు పోస్తే టేబుల్ మీద తడి మరక వచ్చే మగ్ మీకు పంపకూడదు. మూత బిగుసుకుపోయే టీపాట్ పంపకూడదు. ప్రతి పెట్టెతో నంబర్లు వేసిన జాబితా ఇవ్వాలి, మైక్రోవేవ్‌లో పెట్టచ్చా లేదా అన్నది రాయాలి. నవంబర్‌లో ఇస్తామన్న సరుకు నవంబర్‌లో ఇవ్వాలి. ఆరు నెలలైనా కదలని పాత్రలను వచ్చి తీసుకెళ్లి కొత్తవి పెట్టాలి. మీ అర ఖాళీగా మా కోసం పడి ఉండాలని అడిగే హక్కు మాకు లేదు.

పాత పద్ధతిలో మట్టి అమ్ముకునేవాళ్లను చూస్తే నాకు ఒక్కోసారి అసూయగా ఉంటుంది. పొంగల్‌కు ముందు రోజుల్లో కుండలు రోడ్డు పక్కన పేర్చుకుని కూర్చున్నవాళ్లకు బేరం కష్టమే, ధర తక్కువే. కానీ కుండ చేతికిచ్చినప్పుడే డబ్బు చేతికొస్తుంది. మా పాత్రకు ధర ఎక్కువ, గౌరవం ఎక్కువ, పత్రికల్లో ఫొటో వస్తుంది. డబ్బు మాత్రం ఎప్పుడొస్తుందో తెలియదు. ఈ టెన్షన్ తట్టుకోలేక మంచి చెయ్యి ఉన్న పిల్లలు పని మానేసి వీకెండ్ వర్క్‌షాపులు పెట్టుకుంటున్నారు. వర్క్‌షాపులో డబ్బు ముందే వస్తుంది కదా. వాళ్లను తప్పుపట్టను. కానీ ఐదేళ్లు పోతే మీ అరల మీద పెట్టడానికి పాత్రలు చేసేవాళ్లు ఎవరుంటారు?

ఈ ఊళ్లోనే క్రాఫ్ట్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ప్రధాన కేంద్రం ఉంది. 1964లో కమలాదేవి చట్టోపాధ్యాయ స్థాపించిన సంస్థ అది. చేతిపనివాళ్ల తరఫున మాట్లాడటంలో దానికున్న అనుభవం పెద్దది. గ్యాలరీలను, తయారీదారులను ఒకచోట కూర్చోబెట్టి, రెండు పేజీలు మించని నమూనా కన్సైన్‌మెంట్ ఒప్పందం ఒకటి తమిళం, తెలుగు, ఇంగ్లీషుల్లో తయారు చేయించమని కౌన్సిల్ పెద్దలను ఈ లేఖ ద్వారా వేడుకుంటున్నాను. రెండు పేజీలు చాలు. సరుకు ఎవరిది, కమిషన్ ఎంత, దేని మీద, డబ్బు ఏ తేదీకి, పగిలితే ఎవరు, వరదొస్తే ఎవరు, డిస్కౌంట్ ఎంతవరకు, ఎన్నాళ్లకు వెనక్కి తీసుకోవాలి, షాపు మూసేస్తే సరుకు ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి. ఇంతకన్నా అక్కర్లేదు.

మీరు ఒప్పందం వచ్చేదాకా ఆగకుండా ఈ నెల నుంచే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పాత బాకీలుంటే ఎంత ఉందో రాసి పంపండి. ఒకేసారి ఇవ్వలేకపోతే ఎన్ని వాయిదాల్లో ఇస్తారో చెప్పండి, మేం ఒప్పుకుంటాం. ఏమీ చెప్పకుండా ఉండటమే భరించలేం. అమ్ముడు కాని నెలలో కూడా స్టేట్‌మెంట్ పంపండి, సున్నా అని రాసినా సరే, ఏ పాత్ర ఇంకా మీ దగ్గర ఉందో మాకు తెలుస్తుంది.

నా వరకు నేను నిర్ణయించుకున్నది ఇది. ఈ సీజన్ నుంచి సంతకం ఉన్న చలాన్ లేకుండా ఒక్క బౌల్ కూడా ఏ షాపులోనూ దించను. అమ్మిన నెల తర్వాతి నెల 15వ తేదీకి డబ్బు రాకపోతే మిగిలిన సరుకు వెనక్కి తెచ్చుకుంటాను. మాటల్లో గొడవ పడను, ఆటో తీసుకుని వచ్చి పెట్టెలు సర్దుకుంటాను. నాలాగే అనుకుంటున్న స్టూడియోలు ఊళ్లో ఇంకొన్ని ఉన్నాయి. ఇప్పటికే నెలనెలా లెక్క పంపుతున్న గ్యాలరీలకు మాత్రం మా మొదటి కిల్న్ సరుకు, మంచి సరుకు వెళ్తుంది. మీరు సంతకం పెట్టడానికి సిద్ధమైతే కబురు చేయండి, నవంబర్ వానలకు ముందే కాగితాలు పట్టుకుని నేనే వస్తాను.

ఇట్లు,
మాధవరం వైపు మట్టిపని చేసుకుంటున్న
మీ తోటి తెలుగు మనిషి